రాజుగారి దవడే అడకత్తెర

చెరుకు తోటలు ఎక్కువ, యుద్ధాలు తక్కువ అయిన ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాని పేరు తీపిమెట్ట. రణకంఠీరవ భూపతి అని దానికో రాజు. పేరు వింటే ఎన్ని కోటలు పగలగొట్టొచ్చాడో అనుకుంటాం గానీ, ఆయన కత్తి దూసేది ఆయుధపూజ రోజు మాత్రమే. మనసు వెన్న. మాటే రాయి. "నేను" అని పొరపాటున కూడా అనేవాడు కాదు. "మేము భోంచేశాము, మేము తుమ్మాము" అనేవాడు.

ఆయన దగ్గర గవరయ్య అని ఒక అడపకాడు ఉండేవాడు. అడపకాడంటే తమలపాకులు, వక్కలు, సున్నం పెట్టుకున్న సంచి భుజాన వేసుకుని ఎప్పుడూ రాజు పక్కనే నిలబడే మనిషి. రాజు యువరాజుగా జామచెట్లెక్కే రోజులనుంచీ గవరయ్య ఆయన పక్కనే ఉన్నాడు. ఆయన ఎప్పుడు ఆవలిస్తాడో, ఎప్పుడు అబద్ధం చెబుతాడో గవరయ్యకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

గవరయ్యకి ఇంకో పని కూడా ఉంది. రాజుగారి నోట్లోకి వెళ్ళేది ఏదైనా సరే, ముందు గవరయ్య నోట్లోకి వెళ్ళాలి. అన్నమైనా, పాలైనా, పండైనా అంతే. విషం ఉందేమో చూడ్డానికి రాజుగారి ముత్తాత పెట్టిన ఆచారం అది. ఆ ఆచారానికో తోక కూడా ఉంది. అడపకాడు రుచి చూసి "బాగుంది ప్రభూ" అన్నాక రాజు వద్దనకూడదు. వద్దంటే, తన ఉప్పు తినే మనిషిని తానే నమ్మట్లేదని నలుగురిలో చెప్పినట్టే కదా.

ఈ తోకని రాణిగారు బాగా వాడుకునేవారు. రాజుగారికి కాకరకాయ కూరంటే గిట్టదు. ఆవిడ ఆ కూర ముందు గవరయ్యకి పెట్టేవారు. గవరయ్య నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "బాగుంది ప్రభూ" అనేవాడు. రాజుగారు గవరయ్య వంక గుర్రుగా చూస్తూ గిన్నె ఖాళీ చేసేవారు.

ఇలా ఉండగా ఒకసారి పక్క రాజ్యం చుట్టాలొచ్చారు. విందయ్యాక గవరయ్య అడకత్తెర తీసి వక్క కత్తిరించబోయాడు. చుట్టాలు చూస్తున్నారు కదా, రాజుగారికి హుషారొచ్చింది.

"అడకత్తెర ఎందుకురా గవరయ్యా? మా దవడే అడకత్తెర!" అని ఆ ఎండు వక్కని అలాగే నోట్లో వేసుకుని కొరికారు.

ఫట్‌మంది. అందరూ చప్పట్లు కొట్టారు. దగ్గరగా నిలబడ్డ గవరయ్య మాత్రం కొట్టలేదు. ఆ చప్పుడు ఒకటి కాదు, రెండని అతనికి తెలిసిపోయింది. మొదటిది వక్క.

ఆ రోజు నుంచి రాజుగారు కుడి పక్కనే నమిలేవారు. చల్లనీళ్ళు తాగితే ఎడమ కన్ను మూసుకుపోయేది. ఎవరికీ చెప్పలేదు. గవరయ్యా అడగలేదు. బుల్లి రోలు ఒకటి సంపాదించి, ఆకూ వక్కా మెత్తగా దంచి, ఎవరూ చూడకుండా ఆయన చేతిలో పెట్టేవాడు. ఆయన కూడా చూడనట్టే తీసుకునేవారు.

దాచుకుంటే పన్ను ఊరుకుంటుందా? కొన్నాళ్ళకి చల్లనీళ్ళు లేకుండానే నొప్పి మొదలైంది. తర్వాత ఎడమ దవడ పొంగిన బూరెలాగా వాచింది. రాజుగారు పట్టుగుడ్డ ఒకటి గడ్డం కింద నుంచి నడినెత్తి మీదకి కట్టుకుని సభకొచ్చారు.

"ఇది కొత్త రకం తలపాగా" అన్నారు, పళ్ళు కదపకుండా.

మర్నాడు చూస్తే సభలో ఉన్నవాళ్ళంతా దవడలకి గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. ముసలి మంత్రిగారు ఎంత బిగించి కట్టుకున్నారంటే చెవులు మూసుకుపోయి, ఎవరేమన్నా "చిత్తం" అనేవారు. చేలో నీళ్ళ తగువు చెప్పుకుందామని వచ్చిన రైతు ఒకాయన వాకిట్లోంచి ఈ సభని చూసి, "అమ్మో, ఇదేదో అంటుకునే జబ్బులా ఉంది" అని వెనక్కి తిరిగిపోయాడంట.

ఆ సాయంత్రం రాజుగారికి జ్వరం వచ్చింది. ఇంక రాణిగారు ఊరుకోలేదు. పళ్ళ వైద్యం చేసే నాంచారమ్మని పిలిపించారు. నాంచారమ్మ పెద్దావిడ. రాజైనా బంటైనా ఆవిడకి నోరొక్కటే కనబడుద్ది.

"నోరు తెరవండి బాబూ" అంది.

"మా నోరు తెరవమని మాకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వకూడదు" అన్నారు రాజుగారు.

"మరి ముక్కులోంచి చూడమంటారా?"

గవరయ్య నవ్వు ఆపుకుంటూ దీపం దగ్గరికి తెచ్చాడు. రాజుగారు నోరు తెరిచారు. నాంచారమ్మ చెంచా కాడతో ఒక్కో పన్నూ మెల్లగా తట్టుకుంటూ వచ్చింది. ఎడమ పక్క కింది దవడపన్ను దగ్గరికి రాగానే రాజుగారు కుర్చీలోంచి మూరెడు పైకి లేచారు.

"ఇదేనన్నమాట" అంది ఆవిడ. "ఏ పన్నైనా ఉంచుదామనే చూస్తాను బాబూ. పాలపళ్ళు పోతే మళ్ళీ వస్తాయి, ఇవి పోతే రావు. చిన్న గుంటే అయితే శుభ్రం చేసి పూడ్చేదాన్ని. ఇది వేరుదాకా చీలిపోయింది. కింద చీము పట్టింది. ముట్టుకుంటే ఊగుతోంది. దవడ వాచి జ్వరం కూడా వచ్చింది. ఇంకా ఉంచితే ఎముకకి పాకుద్ది, పక్కపళ్ళనీ తినేస్తుంది, ప్రాణం మీదకే తెస్తుంది. రేపు పొద్దున్నే వెలుతురులో తీసేద్దాం."

"దేన్ని?" అన్నారు రాజుగారు, తెలియనట్టు.

"పన్నుని బాబూ. పటకారుతో."

రాజుగారి మొహం పాలిపోయింది. అటు చూశారు, ఇటు చూశారు. గవరయ్య మీద చూపు ఆగింది.

"ఆ పటకారు మా నోట్లోకి వస్తుందా?"

"రాకుండా ఎలా తీస్తాను?"

"అయితే మా ముత్తాత ఆచారం ఉంది. మా నోట్లోకి వచ్చేది ఏదైనా ముందు గవరయ్య నోట్లోకి వెళ్ళాలి. రేపు ముందు వాడి పన్ను పీకు. ఎలా ఉంటుందో మేము చూస్తాము. ఆ తర్వాత మా సంగతి చూద్దాం."

గవరయ్య నాలుక తనకి తెలియకుండానే పళ్ళన్నిటినీ ఒకసారి తడిమొచ్చింది. ఒక్కదానికీ పుచ్చు లేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ చెవి మెలేసి మరీ వేపపుల్లతో తోమించిన పళ్ళు. ఇన్నేళ్ళూ అడకత్తెరలో వక్కలు పెట్టి కత్తిరించాడు గానీ, ఆ వక్క ప్రాణం ఎలా ఉంటుందో గవరయ్యకి ఆ రోజే తెలిసింది.

"చిత్తం ప్రభూ" అన్నాడు.

బయటికి రాగానే రాణిగారు వెనకే వచ్చారు. "గవరయ్యా, ఇదేం అన్యాయం? నేను వెళ్ళి గట్టిగా చెప్తానుండు."

"వద్దమ్మా. అది కోపం కాదు, భయం. భయపడేవాళ్ళతో పోట్లాడితే ఇంకా బిగుసుకుపోతారు."

"అయితే పీకించుకుంటావా?"

"పీకించుకుంటే ఏమవుద్దమ్మా? నేను కెవ్వుమంటాను. నా నోట్లో రక్తం చూసి ఏలినవారు కోట బురుజెక్కి కూర్చుంటారు, దిగరు. నా మంచి పన్నూ పోద్ది, ఆయన చెడ్డ పన్నూ అలాగే ఉంటుంది." గవరయ్య తల గోక్కున్నాడు. "నా పన్ను పోతే పోయింది, సరిపెట్టుకుంటాను. ఆయన జ్వరం పెరిగితే ఎవరం సరిపెట్టుకుంటాం?"

అని నేరుగా నాంచారమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ మరుగుతున్న నీళ్ళలో పటకారు వేసి కూర్చుంది.

"అమ్మా, రేపు రాజుగారి నోట్లోకి ఏమేం వెళ్తాయి? ముందు నుంచి చివరిదాకా చెప్పు."

ఆవిడ చెప్పింది. ముందు ఉప్పునీళ్ళు. తర్వాత నొప్పి మందగించే కషాయం. తర్వాత లవంగనూనె దూది. చిగురు మొద్దుబారాక పటకారు. అన్నీ అయ్యాక రక్తం ఆగడానికి శుభ్రమైన గుడ్డ మడత.

"అంతేనా? ఇంకేమీ లోపలికి వెళ్ళదుగా?"

"ఇంకేం వెళ్తుంది నాయనా? అక్కడి నుంచి బయటికి రావడమే."

గవరయ్య మొహం వెలిగింది. "ఆ పటకారు నాలుగుసార్లు కడుగమ్మా. రేపు రెండు నోళ్ళు చూడాలి అది" అని చెప్పి, ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాడు.

తెల్లారింది. తూర్పు వసారాలో ఎండ బాగా పడేచోట రాజుగారి కుర్చీ వేశారు. ఎదురుగా గవరయ్యకి ముక్కాలిపీట. చుట్టూ దవడలకి గుడ్డలు కట్టుకున్న సభ. రాజుగారు దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చున్నారు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఆచారమంటే ఆచారమే. ఇవాళ ఇసుమంత కూడా తప్పకూడదు. తమరి నోట్లోకి వెళ్ళే ప్రతిదీ నేను ముందు రుచి చూడాలి. బాగుందని నేనన్నాక తమరు వద్దనకూడదు. అంతే కదా?"

"అంతే. మా ముత్తాత మీద ఆన" అన్నారు రాజుగారు గవరయ్య దవడ వంకే చూస్తూ.

సభంతా విన్నది. మంత్రిగారు వినకపోయినా "చిత్తం" అన్నారు.

ఉప్పునీళ్ళు వచ్చాయి. గవరయ్య పుక్కిలించి ఊశాడు. "గోరువెచ్చగా సముద్రస్నానంలా ఉంది. బాగుంది ప్రభూ." రాజుగారు పుక్కిలించారు.

కషాయం వచ్చింది. గవరయ్య గుక్కెడు తాగి మొహం చిట్లించాడు. "కాకరకాయకి పెద్దన్నయ్య ప్రభూ. అయినా బాగుంది." రాజుగారు ముక్కు మూసుకుని తాగారు.

లవంగనూనె దూది వచ్చింది. గవరయ్య దవడలో పెట్టుకున్నాడు. "ముందు చురుక్కుమంటుంది, కాసేపటికి అక్కడో చిగురున్న సంగతే మర్చిపోతాం. బాగుంది ప్రభూ." కొత్త దూది రాజుగారి దవడలో పెట్టారు. నిజంగానే ముందు చురుక్కుమంది. తర్వాత మెల్లగా మొద్దుబారింది. చాలా రోజుల తర్వాత ఆయన నుదుటి మీద ముడత విడిపోయింది.

అప్పుడు నాంచారమ్మ పటకారు తీసింది. సభలో సగంమంది కళ్ళు మూసుకున్నారు. రాజుగారు మాత్రం మెడ ముందుకు చాపి, కళ్ళింతలు చేసుకుని చూస్తున్నారు.

గవరయ్య నోరు తెరిచాడు. పటకారు లోపలికి వెళ్ళింది. గవరయ్య పెదాలు మూసి, మామిడి టెంక చప్పరించినట్టు దాన్ని అటొకసారి ఇటొకసారి చప్పరించి బయటికి తీశాడు.

"చల్లగా ఉంది. కాస్త ఇనుము వాసన. ఉప్పు ఇంకొంచెం పడాల్సింది. అయినా బాగుంది ప్రభూ."

నాంచారమ్మ పటకారుని మళ్ళీ మరిగే నీళ్ళలో ముంచి తీసి, ఆరబెట్టి, రాజుగారి వైపు తిరిగింది.

"ఆగాగు!" అన్నారు రాజుగారు. "పన్నేదిరా?"

"ఏ పన్ను ప్రభూ?"

"నీ పన్ను! పీకించుకోవాలి కదా!"

"ఎందుకు ప్రభూ? తమరి నోట్లోకి వెళ్ళేది పటకారు. దాన్ని రుచి చూశాను. పన్ను తమరి నోట్లోంచి బయటికి వచ్చేది. లోపలికి వెళ్ళేవాటినే రుచి చూడమన్నారు ముత్తాతగారు. తమరి ఒంట్లోంచి బయటికి వచ్చేవి కూడా చూడమని ఉంటే, ప్రభూ, మా వంశంలో ఒక్కడు కూడా ఈ కొలువుకి వచ్చేవాడు కాదు."

వసారా మూల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. రాణిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దవడలకి గుడ్డలు కట్టుకున్నవాళ్ళు నవ్వలేక, ఆపుకోలేక ఎర్రగా కందిపోయారు. మంత్రిగారి గుడ్డ ముడి ఊడి ఒళ్ళో పడింది. "ఏమన్నాడు, ఏమన్నాడు?" అని ఆయన పక్కవాళ్ళని పొడవడం మొదలుపెట్టారు.

రాజుగారు కోప్పడదామని నోరు తెరిచారు. కానీ ఆన పెట్టింది ఆయనే, అందరూ విన్నారు. ఆయన గవరయ్యని దగ్గరికి రమ్మని, చెవిలో గొణిగారు.

"ఒరే గవరయ్యా... నాకు భయంగా ఉందిరా."

"మాకు" అనలేదు. "నాకు" అన్నారు. జామచెట్టు చివరి కొమ్మ మీద ఇరుక్కుపోయినప్పుడు ఆయన అన్న మాటే అది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ విన్నాడు గవరయ్య.

పీట దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ఉంటుంది ప్రభూ. నొప్పే ఉండదని నేను అబద్ధం చెప్పను. నాంచారమ్మ ఊరికే లాగెయ్యదు. నేలలో పాతిన గుంజని అటూ ఇటూ ఊపి వదులు చేసినట్టు చేస్తుంది. దవడ మీద ఎవరో మోకాలేసి నొక్కినట్టుంటుంది. చెవిలో కరకరమని చప్పుడు వినబడుద్ది. దానికి అదిరిపోకండి, అది చప్పుడే. భరించలేకపోతే ఎడమ చెయ్యెత్తండి, ఆవిడ ఆగుతుంది. కుడి చెయ్యి నాకివ్వండి. మీకెంత నొప్పిగా ఉంటే అంత గట్టిగా నొక్కండి. పన్నైతే ఇవ్వలేను గానీ, చెయ్యి ఇస్తాను."

రాజుగారు చెయ్యిచ్చారు. కళ్ళు మూసుకుని నోరు తెరిచారు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు.

నాంచారమ్మ వంగింది. రాజుగారి గొంతులోంచి "ఊ... ఊఊ" అని శబ్దం. గవరయ్య వేళ్ళు తెల్లబడ్డాయి, తర్వాత ఎర్రబడ్డాయి. ఎడమ చెయ్యి ఒకసారి లేచింది. నాంచారమ్మ ఆగింది. "ఊపిరి పీల్చుకోండి బాబూ, తొందరేం లేదు" అంది. చెయ్యి దిగింది. ఆవిడ మళ్ళీ వంగింది. కర్రుమని చప్పుడైంది. ఆవిడ లేచి నిలబడి, గుడ్డ మడత గవరయ్యకి చూపించింది. గవరయ్య కొస కొరికి "బాగుంది ప్రభూ" అన్నాడు. ఇంకో మడత రాజుగారి దవడలో పెట్టి, "గట్టిగా కొరికి పట్టుకోండి" అంది ఆవిడ.

రాజుగారు ఒక కన్ను తెరిచారు. గుడ్డ సందులోంచి, "ఇంకా మొదలుపెట్టవేం?" అన్నారు.

నాంచారమ్మ ఇత్తడి గిన్నె ముందుకు చాపింది. అడుగున పన్ను పడుంది. నల్లగా, మధ్యకి చీలి, అచ్చం సగం కత్తిరించిన వక్కలాగే ఉంది.

"ఇంతేనా?" అన్నారు రాజుగారు. "ఈ కాస్త దానికా మేము ఇన్నాళ్ళూ..." అంటూనే నవ్వొచ్చింది. గుడ్డ కొరికి పట్టుకునే, భుజాలు కదిలిపోయేలా నవ్వారు.

"నవ్వకండి బాబూ, రక్తం ఆగదు!" అని కసిరింది నాంచారమ్మ. తర్వాత వరసగా చెప్పింది. "గుడ్డ కాసేపు తియ్యొద్దు. మాటిమాటికీ ఉమ్మొద్దు. గుంటలో నాలుక పెట్టి కెలకొద్దు, అక్కడ కట్టిన రక్తం గడ్డే మీకు మందు. ఇవాళ పుక్కిలించొద్దు, రేపటి నుంచి ఉప్పునీళ్ళు మెల్లగా. మానేదాకా ఆకూ వక్కా ముట్టొద్దు. చల్లారిన జావే తాగాలి. వాపు రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుద్ది. తగ్గకుండా పెరిగినా, జ్వరం మళ్ళీ వచ్చినా నాకు వెంటనే కబురు పెట్టండి."

"జావా?" రాజుగారి కళ్ళు మెరిశాయి. "జావ లోపలికే కదరా వెళ్ళేది గవరయ్యా?"

గవరయ్య మొహం జావకారింది.

ఆ వారం అంతా రాజుగారు ఉప్పు లేని జావ తాగారు. ప్రతి పూటా గవరయ్యకి ముందు పెద్ద గిన్నెడు పోయించేవారు. "బాగా రుచి చూడరా. తొందరపడకు. అడుగున ఏముందో కూడా చూడు" అనేవారు. గవరయ్య అడుగుదాకా తాగి, "బాగుంది ప్రభూ" అని ఏడుపు మొహంతో అనేవాడు. రాణిగారు పక్కగదిలోకెళ్ళి నవ్వుకునేవారు.

జ్వరం పోయింది. వాపు తీసింది. సభలో గుడ్డలన్నీ విప్పేశారు. మంత్రిగారికి మళ్ళీ చెవులు వినబడ్డాయి. నీళ్ళ తగువు రైతు కూడా భయం లేకుండా లోపలికొచ్చాడు.

గాయం పూర్తిగా మానాక రాజుగారు పెద్ద సభ పెట్టించారు. ముందు నాంచారమ్మని పిలిచి, "నీకొక చెరుకుతోట ఇస్తున్నాము" అన్నారు.

"తోట వద్దు బాబూ. నా దగ్గరికి వచ్చే పళ్ళలో సగం ఆ తీపి పుణ్యమే. ఇచ్చేదేదో వేపచెట్లున్న నేల ఇప్పించండి" అంది ఆవిడ. రాజుగారు అలాగే ఇప్పించారు.

తర్వాత గవరయ్యని ముందుకు రమ్మన్నారు. పట్టుగుడ్డలో చుట్టింది ఏదో చేతిలో పెట్టారు. ఆ గుడ్డ అప్పుడు తలపాగా అని కట్టుకున్నదే. విప్పి చూస్తే బంగారు పిడుల అడకత్తెర.

"ఆ వేళ అందరిముందూ ఒక మాటన్నాను" అన్నారు రాజుగారు. "అన్నాను" అనేసరికి సభంతా తలెత్తి చూసింది. "నా దవడే అడకత్తెర అన్నాను. కాదు. నా దవడ దవడే. అడకత్తెర ఇదిగో. దీన్ని పట్టుకోవాల్సిన చెయ్యి నీది. ఆ రోజు ఆ చెయ్యిని నేను నుజ్జు చేసినా నువ్వు లాక్కోలేదు."

గవరయ్యకి కళ్ళు తడిశాయి. సంచిలోంచి వక్క తీసి, కొత్త అడకత్తెరలో పెట్టి, సన్నగా కత్తిరించాడు. ఒక పలుకు తన నోట్లో వేసుకున్నాడు.

"బాగుంది ప్రభూ" అన్నాడు.

ఈసారి ఆ మాట నిజమని రాజుగారికి తెలుసు. కాకరకాయ కూర అప్పుడూ, జావ అప్పుడూ కాదని కూడా ఆయనకి తెలుసు. అది తలుచుకుని ఆయన పగలబడి నవ్వారు. ఎడమ పక్క పన్ను లేని సందు సభ మొత్తానికీ కనబడింది. ఆయన దాన్ని దాచుకోలేదు.